ఎదురు దుకాణం టోపీ

మా సందు చివర రెండు టిఫిన్ దుకాణాలున్నాయి. గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మోకాళ్ల కోసం పొద్దున్నే నడవమని డాక్టరు చెప్పాడు కాబట్టి రోజూ వాటి ముందు నుంచే పోతాను. మొన్న అందులో ఒకాయన కొత్త బోర్డు పెట్టించాడు. ఎర్రటి అక్షరాలు, కింద లావుపాటి గీత. "పక్క షాపుతో మాకు ఎలాంటి సంబంధం లేదు" అని.

చూడగానే నాకు ఒళ్లు మండింది. నేరుగా లోపలికి పోయి అడిగాను. "ఏం నాయనా, పక్కవాడు నీకేం అన్యాయం చేశాడు?"

"ఏం చెయ్యలేదు అమ్మమ్మా. కాంపిటీషన్ గదా. గట్ల పెట్టాలె" అన్నాడు, చట్నీ గరిటె తిప్పుతూ.

కాంపిటీషన్ అట. పెరుగన్నం తిన్నంత తేలిగ్గా అనేశాడు. తొంభైకి దగ్గరపడ్డ దానివి, ఇడ్లీ కొట్టు బోర్డు మీద కోపమేమిటని మా అమ్మాయి నవ్వింది. నవ్వనీ. పోటీ అంటే ఏమిటో నాకు చెప్పడానికి వీళ్లెవరు? నేను పుట్టి పెరిగిందే పోటీలో.

మా నాయిన దుకాణం నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్‌కు వచ్చే దారిలో ఉండేది. వెనక మా ఇల్లు, ముందు దుకాణం, మధ్యలో ఒక పరదా. రోడ్డుకు అవతల, సరిగ్గా ఎదురుగా, అదే పని చేసే ఇంకో దుకాణం. దాని యజమానిని మేం చాచా అనేవాళ్లం. ఇద్దరూ రూమీ టోపీలు సాపు చేసేవాళ్లు.

రూమీ టోపీ అంటే ఇప్పటి పిల్లలు పటాల్లో చూసి ఉంటారు. ఎర్రటి ఉన్ని టోపీ, పైన నల్ల పట్టు కుచ్చు. ఆ రోజుల్లో కచేరీ గుమాస్తాలు, బడిపంతుళ్లు, వకీళ్లు, హిందువులు ముసల్మానులు అన్న తేడా లేకుండా షేర్వానీ మీద అదే పెట్టుకునేవాళ్లు. బోడినెత్తితో బజారుకు రావడమంటే నలుగురిలో పరువు పోయినట్టే. ఆ టోపీ వానకు తడిస్తే కుంగిపోతుంది, ఎండాకాలం చెమటకు మెత్తబడుతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడమే మా కులవృత్తి కాని వృత్తి. బొగ్గుల మీద ఇత్తడి అచ్చు కాల్చి, తడిపిన టోపీని దానికి తొడిగి, పైనుంచి ఇంకో ఇత్తడి మూత దింపి నొక్కితే సుయ్యిమని ఆవిరి లేచేది. తడి ఉన్ని వాసన, బొగ్గు వాసన, తలనూనె వాసన కలిసి మా ఇంటి గోడల్లో, అమ్మ చీరల్లో, చివరికి మా పప్పుచారులో కూడా ఉండేది. బంధువులు ముక్కు మూసుకునేవాళ్లు. నాకు మాత్రం ఇప్పటికీ తడిసిన స్వెట్టర్ వాసన వస్తే ఆకలేస్తుంది.

టోపీ తయారయ్యేదాకా గిరాకి బల్ల మీద కూర్చునేవాడు. బోడినెత్తితో కూర్చోవడం నామోషీ కదా, అందుకని దుకాణంలో కొన్ని పాత టోపీలు ఉంచేవాళ్లం. వచ్చినాయన తన టోపీ ఇచ్చి, మా టోపీ నెత్తిన పెట్టుకుని, దర్జాగా కబుర్లు చెప్పేవాడు. మావి అయిపోతే నన్ను ఎదురు దుకాణానికి తరిమేవాళ్లు. నేను చాచా దగ్గరి టోపీలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, కళ్లు కనబడకుండా రోడ్డు దాటేదాన్ని. జట్కావాళ్లు తిట్టేవాళ్లు.

అచ్చులూ అంతే. చిన్న తలల అచ్చులు, అంటే బడి పిల్లలవి, మా దగ్గర మంచివి ఉండేవి. పెద్ద తలల అచ్చులు చాచా దగ్గరుండేవి. ఒక పహిల్వానో, ఒక జాగీర్దారు మేనల్లుడో వచ్చి కూర్చుంటే నాయిన పరదా పక్కకు జరిపి, "పెద్ద తలకాయ వచ్చింది, చాచాను అడుగు పో" అని మెల్లగా చెప్పేవాడు. చిన్న తలకాయ వస్తే చాచా కొడుకు మా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాడు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు, ఎవరూ మాట్లాడుకుని పెట్టుకున్న ఒప్పందమూ కాదు.

కానీ ఇద్దరికీ ఒక్క నిమిషం పడేది కాదు. మా నాయిన టోపీ నిటారుగా, పొడుగ్గా ఉండేది, కుచ్చు సరిగ్గా వెనక్కి వేలాడేలా ఒక కుట్టు వేసేవాడు. చాచా టోపీ కొంచెం పొట్టి, పైకి పోయేకొద్దీ సన్నం, కుచ్చు కుడి చెవి మీదికి. బజారులో ఎవరి నెత్తి చూసినా అది ఏ దుకాణం చెయ్యో చెప్పవచ్చు. గిరాకి లేని మధ్యాహ్నాల్లో ఇద్దరూ తమ తమ గడపల మీద నిలబడి రోడ్డుకు అడ్డంగా అరుచుకునేవాళ్లు.

"ఏంది భాయ్ అది, టోపీనా బోర్లించిన చెంబా?" అని మా నాయిన.

"నీ టోపీ పెట్టుకొని స్టేషన్‌కు పోకుమను నీ గిరాకిని. ఇంజన్ పొగగొట్టం అనుకొని బొగ్గులేస్తరు" అని చాచా.

జనం నిలబడి నవ్వేవాళ్లు. నాకు మాత్రం చాచా మీద కడుపు రగిలిపోయేది. మా నాయిన టోపీని పొగగొట్టం అంటాడా అని, ఆయన మెట్లెక్కబోయే వాళ్లను చెయ్యి పట్టుకుని, "గాడికి పోకుండ్రి, గీడికి రాండ్రి" అని లాగేదాన్ని. చాచా నన్ను పిలిచి, నా అరచేతిలో ఖర్జూరం పెట్టి, "జోరుగ అరువ్ బేటీ, మీ నాయినకు గొంతు లేదు" అనేవాడు. ఖర్జూరం తిని మళ్లీ పోయి అరిచేదాన్ని.

మా బాపమ్మకు ఈ రాకపోకలు గిట్టేవి కావు. చాచా ఇంటి నీళ్లు ముట్టనిచ్చేది కాదు. ఈద్‌కు చాచీ వండిన పాయసం మా ఇంట్లోకి రాదని తెలిసి, సేమ్యా, సారపప్పు, బాదం, ఖర్జూరం, చక్కెర విడివిడిగా పళ్లెంలో పెట్టి పంపేది. అన్నీ బేగం బజార్ సరుకే, ఏరి ఏరి తెచ్చినవి. మా అమ్మ మా పాలు పోసి వండేది. అందరికంటే ఎక్కువ తినేది బాపమ్మే. "పాలు మనయే గదా" అనేది మూతి తుడుచుకుంటూ. ఆ మడి మీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. వండిన చెయ్యి ఎవరిదైతే ఏం, సరుకు ఏరిన చెయ్యి ఎవరిది?

ఆ సంవత్సరం రంజాన్ నడి ఎండల్లో వచ్చింది. మా పనికి ఏడాదంతా ఒక ఎత్తు, ఈద్ ముందు రోజులు ఒక ఎత్తు. ముఖ్యంగా చాచాకు. ఆ రోజుల సంపాదనతోనే ఆయన కిరాయి, పిల్లల బట్టలు, వానాకాలం తిండి గడవాలి. మధ్యాహ్నం వేళ, ఉపవాసంతో, బొగ్గుల ముందు కూర్చున్న మనిషికి కళ్లు తిరిగాయి. కాలిన అచ్చు పట్టకారులోంచి జారుతుంటే పడిపోకుండా కుడిచేత్తో పట్టుకున్నాడు. అచ్చు సొట్ట పడితే టోపీ పాడవుతుందని పట్టుకున్నాడట. అరుపు విని నాయిన రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాడు. దవాఖానలో చేతికి మణికట్టు దాకా కట్టు కట్టి, పండగ దాటేదాకా నిప్పు ముట్టవద్దని చెప్పి పంపారు.

మరుసటి రోజే అబిడ్స్‌లోని అద్దాల దుకాణం సేటు మా ఇంటి ముందు జట్కా దిగాడు. ఆయన అద్దాల బీరువాల్లో పెట్టి బూట్లు, మేజోళ్లు, తయారు టోపీలు అమ్మేవాడు. మా రెండు దుకాణాలూ మూసేసి తన దగ్గర జీతానికి కూర్చోమని చాలాకాలంగా ఇద్దరికీ చెప్పి పంపుతూనే ఉన్నాడు. వచ్చి గిరాకి బల్ల మీద కూర్చున్నాడు. నేను నాయిన పక్కన కుచ్చుల చిక్కు తీస్తున్నాను.

"మంచి మోఖా వచ్చింది నీకు" అన్నాడు సేటు. "పండుగ గిరాకి మొత్తం నీకే వస్తది. నీ అచ్చులు ఆయనకు ఇయ్యకు, ఆయనయి తెచ్చుకోకు. గంతే. పండుగ ఎల్లినంక నా దుకాణం పని గూడ నీకే ఇస్త."

నాయిన టోపీ మీద బ్రష్ ఆపలేదు. "చెయ్యి కాలింది సేటూ. దుకాణం కాలలేదు."

"గదే చెప్తున్న. మళ్ల లేవకముందే నువ్వు చూస్కో."

"మీరు జర ఆ బల్ల మీదికెల్లి లేస్తరా? గిరాకి కూసుంటరు."

బల్ల ఖాళీగానే ఉంది, గిరాకి ఎవరూ లేరు. సేటు ముఖం మాడిపోయింది. ఆయన వెళ్లాక నాయిన మళ్లీ పనిలో పడ్డాడు. టోపీని అచ్చు మీద నుంచి తొందరపడి తీశాడు, అది వంకరపోయింది, మళ్లీ తడపాల్సి వచ్చింది.

నాకు సేటు మాటలో తప్పేమీ కనబడలేదు. "చాచా గిరాకి మనకొస్తే మంచిదే గదా నాయినా?" అన్నాను.

"పెద్ద తలకాయ వస్తే అచ్చు ఎక్కడికెల్లి తెస్తవ్?" అన్నాడు. టోపీ తడుపుతూ, తనలో తాను అనుకున్నట్టు, "గాయన ఎదురుంగ కూసొని వంక వెడ్తడు గనక నా చెయ్యి సక్కగున్నది. ఎవ్వడు లేకుంటె ఎట్ల జేసినా నడుస్తది. గట్ల నడుసుడు నాకొద్దు" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి చాచా పెద్ద అచ్చులు మా ఇంట్లోకి వచ్చాయి. చాచా తన దుకాణంలో కట్టు కట్టిన చేతితో కూర్చుని టోపీలు తీసుకునేవాడు. అవి మా అమ్మ బట్టల గంపలో, పైన పాత చీర కప్పుకుని, గిరాకి కంట పడకుండా వెనక సందు మీదుగా మా ఇంటికి వచ్చేవి. మా నాయిన పగలు మా గిరాకి చూసి, పొద్దు వాలినప్పటి నుంచి చాచా గిరాకి చేసేవాడు. అదీ తన తీరులో కాదు, చాచా తీరులో. ఏళ్ల తరబడి చెంబు అని ఎగతాళి చేసిన ఆ పొట్టి టోపీనే, పైకి సన్నంగా, కుచ్చు కుడి చెవి మీదికి. చాచా ఉపవాసం విడిచి వచ్చి మా బల్ల మీద కూర్చుని వంకలు పెట్టేవాడు.

"గంత నిలువుగ వద్దు భాయ్. అది టోపీ, తాడిచెట్టు గాదు."

"చెంబు జేసుడు నాకు అలవాటు లేదు. జర ఓపిక వట్టు."

"ఇంకొంచెం వత్తు. ఆఁ. ఇప్పుడు జర మంచిగున్నది. జరనే."

పరదా వెనక అమ్మ నవ్వు ఆపుకోలేకపోయేది. బాపమ్మ మాత్రం, "ఎదుటోని పని నీ నెత్తినేసుకున్నవ్, నడుము పోతది" అని సణిగేది. సణుగుతూనే బొగ్గుల మీద విసనకర్ర విసిరేది.

తప్పు జరగనే జరిగింది. పండగ దగ్గరపడ్డాక, నిద్ర చాలని చేతులు కదా, ఒక గంపెడు టోపీలకు నాయిన కుచ్చు తన అలవాటులో వెనక్కి కుట్టేశాడు. చాచా కూడా గమనించలేదు. పొట్టి టోపీలు, వెనక్కి వేలాడే కుచ్చులు, అలాగే గిరాకి నెత్తుల మీదికి పోయాయి. వాళ్లలో ఒక కచేరీ పెద్దమనిషి మేజోళ్లు కొనడానికి అద్దాల దుకాణానికి పోయాడు. సేటు కళ్లకు అది పండగే. "ఇది ఎదురు దుకాణం చెయ్యి. మీ చాచా మిమ్ముల మోసం చేస్తున్నడు" అని ఆయనకు చెప్పి, వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

మధ్యాహ్నానికి చాచా మెట్ల ముందు జనం. కచేరీ పెద్దమనిషి టోపీ చేత్తో పట్టుకుని ఊపుతూ ఉర్దూలో అరుస్తున్నాడు. ఈద్ నమాజుకు పెట్టుకునే టోపీ నీకిచ్చాం కానీ ఎవరికో కాదు అని. చాచా లేచి నిలబడ్డాడు. దాచలేదు.

"ఔ సాబ్. నా చెయ్యి గిట్లయింది. మీ టోపీలు ఆగొద్దని భాయ్ చేసిండు. అచ్చులు నాయే, తీరు నాదే."

నాయిన బొగ్గుల ముందు నుంచి లేచి, నెత్తిన ఏమీ లేకుండానే రోడ్డు దాటాడు. "కుచ్చు తప్పు నాది. ఇయ్యుండ్రి, ఇప్పుడే కుట్టి ఇస్త" అన్నాడు.

"చేసేది నువ్వే అయితే నీకే ఇస్తాం. మధ్యలో ఈయనెందుకు?" అన్నాడు పెద్దమనిషి.

"నేను తీస్కోను. గాడ ఇచ్చిన టోపీ గాడనే తీస్కోవాలె. నా గడప మీదికి తెస్తే వాపస్ పంపుత."

పెద్దమనిషి తన టోపీ తీసుకుని అబిడ్స్ వైపు నడిచాడు. ఆయన వెనక ఇంకొందరు. చాచా దుకాణంలో తయారై ఉన్న టోపీలను కొందరు చూడను కూడా చూడలేదు, వదిలేసి పోయారు. నాకు ఇప్పటికీ వాళ్లను తలుచుకుంటే రక్తం ఉడుకుతుంది. ఏళ్ల తరబడి ఇదే బల్లల మీద కూర్చున్నారు. కూర్చున్నంతసేపు నెత్తిన పెట్టుకున్న పాత టోపీ ఏ దుకాణానిదో ఒక్కడూ అడగలేదు. వాళ్ల పెద్ద తలలకు, వాళ్ల పిల్లల చిన్న తలలకు అచ్చు ఎవరింటి నుంచి వచ్చిందో ఒక్కడికీ పట్టలేదు. అవసరం తీరినన్ని రోజులు లేని పట్టింపు, ఒక సేటు చెవిలో ఊదగానే పుట్టుకొచ్చింది. పైగా నమాజు పేరు చెప్పారు. చాచా ఉపవాసంతో నిలబడి ఉన్నాడని వాళ్లకు కనబడలేదా?

ఆ సాయంత్రం చాచీ ఏడ్చిందని మా అమ్మ చెప్పింది. గిరాకి ఇలాగే పోతే దుకాణం ఎత్తేసి, చాచా సేటు దగ్గర జీతానికి కూర్చోవలసిందే అనుకున్నారట. నాయిన అన్నం కలుపుకుని తినకుండానే లేచాడు.

అయినా పని ఆగలేదు. నెలవంక కనబడ్డ సాయంత్రం చివరి గంప వచ్చింది. అందులో అడుగున ఒక పాత టోపీ. చాచా దాన్ని వేలితో చూపించి, "దీన్ని మాత్రం నీ తీరు చెయ్యి. ఒక గిరాకి ఉన్నడు, పొగగొట్టమే కావాలంటడు" అన్నాడు.

"ఎవ్వరో తెలివిగల్లోడు" అన్నాడు నాయిన, చాలా రోజుల తర్వాత నవ్వుతూ. దాన్ని ప్రాణం పెట్టి చేశాడు. నిటారుగా, ఎక్కడా ముడత లేకుండా, కుచ్చు సరిగ్గా వెన్నుపూస మీదికి.

ఈద్ పొద్దున మా వీధి అంతా అత్తరు వాసన. నేను గడప మీద కూర్చుని వచ్చేపోయే నెత్తులను లెక్కగడుతున్నాను, ఇది మనది, ఇది చాచాది అని. చాచా తలుపు తెరుచుకుంది. తెల్లటి షేర్వానీ, మెడకు వేలాడదీసిన కుడిచెయ్యి, ఎడమచేత్తో పట్టుకున్న చిన్న కొడుకు. నెత్తి మీద మా నాయిన టోపీ.

నా లెక్క అక్కడే ఆగిపోయింది. వీధిలో నడిచేవాళ్లు కూడా ఆగారు. ఆ దారిలో ఎవరి టోపీ ఏ చేతిదో తెలియని మనిషి లేడు. జీవితమంతా పొట్టి టోపీ గొప్పదని గొంతు చించుకున్న మనిషి, ఏడాదికి పెద్ద పండగ పూట, దేవుడి ముందుకు పోతూ, ఎదురు దుకాణం తీరు నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చాడు. మెట్లు దిగి నడిచాడు.

నాయిన లేచి నిలబడ్డాడు. "ఇయ్యాల మనిషి లెక్క కొడ్తున్నవ్ భాయ్" అన్నాడు.

చాచా రోడ్డు మధ్యలో ఆగాడు. "చెవులల్లకెల్లి పొగ వస్తున్నది" అన్నాడు.

ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. నాయిన పరదా వెనక్కి పోయి ముఖం కడుక్కున్నాడు. మసీదు దగ్గరలోనే ఉన్నా, చాచా ఆ రోజు అబిడ్స్ మీదుగా చుట్టు తిరిగి పోయాడని ఆయన కొడుకు చెప్పాడు. అద్దాల దుకాణం ముందు నుంచే. సేటు మేడ మీద నుంచి చూశాడో లేదో నాకు తెలియదు. చూసే ఉంటాడని ఇన్నేళ్లుగా నమ్ముతున్నాను.

నమాజు అయ్యాక, వదిలేసిన టోపీల కోసం కొందరు వచ్చారు, తల వంచుకుని. అందరూ రాలేదు. కచేరీ పెద్దమనిషి మళ్లీ ఎప్పుడూ రాలేదు, రానక్కర కూడా లేదు. చాచా దుకాణం నిలబడింది. చేతి కట్టు విప్పిన రోజే ఆయన తన గడప మీదికి వచ్చి, మా నాయిన టోపీ పెట్టుకుంటే మెడ నొప్పి పుట్టిందని వీధంతా వినబడేలా అరిచాడు. నాయిన ప్రాణం లేచి వచ్చినట్టు బదులు అరిచాడు.

కొన్నేళ్లకు కాలం మారింది. జనం ఆ టోపీలు పెట్టుకోవడం మానేశారు, బోడినెత్తితో తిరగడం తప్పు కాకుండా పోయింది. రెండు దుకాణాల అచ్చులూ ఇత్తడి లెక్కన తూకానికి పోయాయి, ఒకే బండి మీద. ఏది ఎవరిదో వేరు చేయడానికి ఇద్దరూ ప్రయత్నించలేదు.

ఇవాళ పొద్దున మళ్లీ ఆ టిఫిన్ దుకాణాల ముందు నుంచి పోయాను. ఈసారి వెనక సందు నుంచి. బోర్డు పెట్టినాయన పనివాడు పక్క దుకాణం వెనక తలుపు కొట్టి, "అన్నా, పిండి ఒడిసింది, జర ఇయ్యి" అని బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. లోపల్నుంచి బకెట్టు నిండా పిండి వచ్చింది. అడగంగానే, మారుమాట లేకుండా.

నాకు మొన్నటికంటే ఎక్కువ కోపం వచ్చింది. సంబంధం లేకపోతే సరే అనుకోవచ్చు. ఉండి కూడా లేదని ఎర్రక్షరాలతో రాయించడానికి చెయ్యెలా వచ్చింది? మేమూ చీర కప్పిన గంపలతో వెనక సందునే నడిచాం, కాదనను. కానీ అడిగిన రోజున చాచా ఔనన్నాడు. అన్న మాటను పండగ పూట నెత్తిన పెట్టుకుని, నడిబజారులో, చుట్టుదారిన నడిచాడు.

రేపు నిచ్చెన తెప్పించి ఆ బోర్డు నేనే దింపిస్తానని మా అమ్మాయితో చెప్పాను. అది నవ్వలేదు ఈసారి. నిచ్చెన ఆ పక్క దుకాణంలోనే ఉంటుంది, అడిగి తెస్తానంది.